చేతిలో ఫోను, కాళ్ళలో నడక, మనసుకు నెమ్మది
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి యేటా యీ సభలో మనం పిల్లల స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి పెళ్ళిళ్ళ గురించి, కంటి పరీక్షల క్యాంపుల గురించి మాట్లాడుకుంటాము. జమాఖర్చులు చదువుకుంటాము. భోంచేసి వెళ్తాము. యీసారి కార్యవర్గం వారు మా ఉపసంఘానికి ఒక కొత్త విషయం అప్పజెప్పారు. కష్టం చేసుకుని బ్రతికే మనవాళ్ళ మనసు ఆరోగ్యం, దానికి వ్యాయామం చేసే మేలు, ఆ వ్యాయామం అలవాటు కావడానికి చేతిలో వున్న ఫోను ఏ మేరకు పనికి వస్తుంది. యిదీ విషయం.

వినగానే మాలోనే ఒక పెద్దాయన నవ్వారు. "పొద్దుట్నుంచి రాత్రిదాకా బస్తాలు మోసేవాడికి మళ్ళీ కసరత్తా భాయ్? వాడికి కావలసింది పడుకోవడం" అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. దానికి జవాబు వెదకడంతోనే మేము పని మొదలుపెట్టాము. మాకు తెలిసిన మేరకు, మేము చేసిన పొరపాటుతో సహా, మీ ముందు పెడుతున్నాము.

మన పనులు, మన మనసులు

మొదట మనవాళ్ళు చేసే పనులు ఒక్కసారి తలచుకుందాం. బందరులో రోల్డ్‌గోల్డ్ పనివాడు మంట ముందు నడుం వంచి గంటల తరబడి కూర్చుంటాడు. ఆ నగలకు రాళ్ళు అతికే పని ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేస్తారు. కంటికీ మెడకూ విశ్రాంతి వుండదు. పెడనలో కలంకారీ అచ్చులు వేసేవాడు బల్ల దగ్గర నిలబడే వుంటాడు. దర్జీ మిషను మీద నుంచి లేవడు. ఆటో నడిపేవాడు కోనేరు సెంటర్లో కిరాయి కోసం చూస్తూ సీట్లోనే సగం రోజు గడుపుతాడు. గుడివాడ మిల్లుల్లో హమాలీ బస్తా దించి మళ్ళీ బస్తా ఎత్తుకుంటాడు. రొయ్యల చెరువు మీద కాపలావాడికి రాత్రి నిద్ర లేదు. నాగాయలంక వైపు పడవ మీద వెళ్ళేవాడికి వేట దొరికిన రోజే కూలి. గల్ఫ్ దేశాలలో డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా వున్న మన పిల్లల సంగతి సరే సరి. వాళ్ళ ముఖాలు మనం ఫోనులోనే చూస్తున్నాము.

యీ మనుషులకు బెంగ లేదా? వుంది. కాని మనం దానిని ఆ పేరుతో పిలవము. "కడుపులో మంటగా వుంది", "తల బరువు", "గుండె దడ", "రాత్రి కన్ను మూత పడదు", "ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు" అంటాము. మందుల షాపులో బిళ్ళ అడిగి వేసుకుంటాము. మనసు బాగోలేదంటే పిచ్చి అంటారేమోనని భయం. పెళ్ళి కావలసిన పిల్లలుంటే మరీ భయం.

దివిసీమ పెద్దలకు యీ మాట బాగా తెలుసు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఇళ్ళు కట్టారు, బట్టలు పంచారు, బియ్యం ఇచ్చారు. ఎందరో మహానుభావులు వచ్చి సేవ చేశారు. కాని పిల్లల్ని నీళ్ళలో పోగొట్టుకుని మిగిలిన మనిషి, గాలి గట్టిగా వీచినప్పుడల్లా లేచి కూర్చుంటే, దానికి వైద్యం వుందని చెప్పినవారు తక్కువ. చాలామంది ఆ రాత్రిని లోపలే పెట్టుకుని బ్రతికారు. అటువంటి తప్పు మళ్ళీ చేయకూడదు.

యిది మన ఒక్కరి గొడవ కాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ వారు 2015-16లో 12 రాష్ట్రాలలో చేసిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక బాధతో వున్నారని తేలింది. వారిలో ఎక్కువమందికి వైద్యం అందడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేసిన లెక్క ప్రకారం, దిగులు, ఆందోళన అనే రెండిటి వల్ల ప్రపంచంలో యేటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయి. మన భాషలో చెప్పాలంటే 1,200 కోట్ల రోజుల కూలి. నెల జీతగాడికి సెలవు వుంటుంది. రోజు కూలివాడు పడుకుంటే ఆ రోజు పొయ్యి వెలగదు.

వ్యాయామం మనసుకు ఏమి చేస్తుంది?

దీని మీద శాస్త్రజ్ఞులు చాలా కాలంగా పరిశీలన చేస్తున్నారు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 1999లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. దిగులు జబ్బుతో వున్న, 50 యేళ్ళు దాటిన 156 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు మందు, ఒక జట్టుకు వ్యాయామం, మూడో జట్టుకు రెండూ. 16 వారాల తరువాత చూస్తే మూడు జట్లూ దాదాపు ఒకే మాదిరిగా తేరుకున్నాయి. మందు మొదట్లో త్వరగా పనిచేసింది. నడక కొంచెం ఆలస్యంగా అందుకుంది. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 218 ప్రయోగాలను కలిపి చూసిన ఒక పరిశీలన వచ్చింది. నడక, నెమ్మది పరుగు, యోగా, కండబలం పెంచే కసరత్తులు దిగులును చెప్పుకోదగినంతగా తగ్గిస్తాయని అందులో తేలింది.

ఎలా తగ్గుతుంది? నడిచినవాడికి నిద్ర పడుతుంది. నిద్ర పట్టినవాడికి మర్నాడు కోపం తగ్గుతుంది. ఒకే ఆలోచన గానుగెద్దులా తిరుగుతుంటే, కాళ్ళు కదిలినప్పుడు దానికి కొంత తెరిపి దొరుకుతుంది. నలుగురితో నడిస్తే మాట కలుస్తుంది. చెప్పుకోలేని మాట ఎదురుగా కూర్చుంటే రాదు గాని, పక్కపక్కన నడుస్తుంటే వస్తుంది. యిది మేము స్వయంగా చూసిన సంగతి.

ఎంత చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ వుండాలి. అంటే రోజుకు అరగంట చొప్పున, వారంలో అయిదు రోజులు వేగంగా నడిస్తే కనీసం పూర్తయినట్లే. మాట్లాడగలగాలి, కాని పాట పాడలేనంత వేగం వుండాలి. వారానికి రెండుసార్లు కండలకు పని చెప్పాలి. అంత చేయలేకపోతే? ఏమీ చేయకపోవడం కంటే కొంచెం చేసినా మేలే అని కూడా వారే చెప్పారు.

"పని చేస్తే చాలదా?"

యిక మా పెద్దాయన అడిగిన ప్రశ్నకు వద్దాం. బస్తాలు మోసేవాడికి కసరత్తు ఎందుకు?

లండన్ నగరంలో జెరెమీ మోరిస్ అనే డాక్టరు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఒక వ్యాసం ప్రకటించారు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కుతూ దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువగా వున్నాయి. కనుక కూర్చుని పనిచేసే దర్జీకి, రోల్డ్‌గోల్డ్ పనివాడికి, ఆటో డ్రైవరుకు కదలిక అవసరమని ఎవరికైనా అర్థమవుతుంది.

హమాలీ సంగతి వేరు. 2017లో కొందరు పరిశోధకులు యీ విషయమే ప్రత్యేకంగా చూశారు. తీరిక వేళ తన ఇష్టంతో చేసే శ్రమ మనసు నెమ్మదితో కలిసి కనిపించింది. బ్రతుకు కోసం తప్పనిసరిగా చేసే శ్రమ అలా కనిపించలేదు. పైగా అటువంటి పనిలో వున్నవారిలో మనసు బాధలు కొంత ఎక్కువగానే కనిపించాయి. ఆలోచిస్తే యిందులో ఆశ్చర్యం లేదు. బరువు ఎంత ఎత్తాలో, ఎప్పుడు దించాలో, ఎప్పుడు కూర్చోవాలో హమాలీ చేతిలో లేదు. మేస్త్రీ అరుస్తుంటాడు, లారీ వెళ్ళిపోవాలి. ఒళ్ళు అరుగుతుంది గాని మనసుకు తెరిపి లేదు. సాయంత్రం కాలవ గట్టున తన చేతులు తాను ఊపుకుంటూ, తనకు నచ్చిన మనిషితో పావుగంట నడిచాడనుకోండి, ఆ పావుగంట అతనిది.

కాబట్టి మా జవాబు యిది. కూర్చుని పనిచేసేవాడికి అరగంట చురుకైన నడక కావాలి. బరువు పని చేసేవాడికి ముందు విశ్రాంతి, నడుముకు, భుజాలకు సాగదీత, తరువాత మెల్లని షికారు కావాలి. అందరికీ ఒకే మందు కాదు. పెద్దాయన యీ మాట ఒప్పుకున్నారు. ప్రస్తుతం ఆయన కూడా సాయంత్రాలు మాతో వస్తున్నారు.

ఫోను ఏమి చేయగలదు?

మన ఇళ్ళలో వార్తాపత్రిక లేకపోవచ్చు గాని ఫోను లేని ఇల్లు తక్కువ. చాలా స్మార్ట్‌ఫోన్లలో చలనాన్ని పసిగట్టే చిన్న పరికరం వుంటుంది. మనం నడుస్తుంటే ఒళ్ళు ఒక లయలో పైకీ కిందికీ కదులుతుంది. ఆ కుదుపులను బట్టి అది అడుగులు లెక్కపెడుతుంది. జేబులో వుంటేనే లెక్క. మిషను బల్ల మీద పెట్టి మీరు నడిస్తే సున్నాయే చూపిస్తుంది. మన రోడ్ల మీద మోటారు సైకిలు కుదుపులకు కొన్ని దొంగ అడుగులు కూడా పడవచ్చు. కనుక లెక్కను మరీ నమ్మవద్దు, మరీ తీసిపారేయవద్దు.

లెక్కపెట్టడం వల్ల మనిషి ఎక్కువ నడుస్తాడా? నడుస్తాడు. నడుముకు కట్టుకునే అడుగుల మీటరు మీద జరిగిన 26 పరిశీలనలను కలిపి 2007లో అమెరికా వైద్యులు చూశారు. ఆ మీటరు పెట్టుకున్నవారు రోజుకు 2,000కు పైగా అడుగులు అదనంగా వేశారు. అయితే రోజుకు యిన్ని అని ఒక గురి పెట్టుకున్నవారికే ఆ మేలు బాగా కనిపించింది.

గురి అంటే 10,000 అడుగులని అందరూ చెబుతారు. ఆ అంకె వైద్యులు తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరుకు "పదివేల అడుగుల మీటరు" అని పేరు పెట్టారు, అది లోకమంతా పాకింది. 2019లో అమెరికాలో సగటున 72 యేళ్ళ వయసున్న వేలాదిమంది స్త్రీలను పరిశీలిస్తే, రోజుకు 2,700 అడుగులు వేసేవారి కంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు బాగా తక్కువగా వున్నాయి. సుమారు 7,500 దాటాక అదనపు మేలు కనిపించలేదు. అందుచేత పదివేలు కాలేదని మన అమ్మలూ నానమ్మలూ దిగులు పడనక్కరలేదు. నిన్నటి కంటే యీ వారం ఒక వెయ్యి ఎక్కువైతే చాలు.

ఖరీదైన ఫోను లేనివారి మాటేమిటి? మన దక్షిణ దేశంలోనే 2009 నుంచి 2012 వరకు పరిశ్రమలలో పనిచేసే 537 మంది పురుషుల మీద ఒక ప్రయోగం జరిగింది. చెన్నైకి చెందిన డాక్టర్ రామచంద్రన్ బృందం వారు, చక్కెర జబ్బు వచ్చే ప్రమాదంలో వున్నవారికి తిండి గురించి, శ్రమ గురించి మామూలు ఫోనుకు పొట్టి సందేశాలు పంపించారు. రెండేళ్ళ తరువాత, సందేశాలు అందనివారిలో నూటికి 27 మందికి జబ్బు వచ్చింది. అందినవారిలో నూటికి 18 మందికే వచ్చింది. అది చక్కెర జబ్బు మీద ప్రయోగం, మనసు మీద కాదు, నడక ఒక్కదాని మీదా కాదు. అయినా బటన్ల ఫోనుకు వచ్చే రెండు ముక్కల సందేశం కూడా కష్టజీవి అలవాటును మార్చగలదని మనకు తెలియజేసింది.

మన పక్కనున్న పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు చేసిన పని యింకా దగ్గరిది. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చి, ఇంటింటికీ పంపి, దిగులు, ఆందోళన గురించి కొన్ని ప్రశ్నలు అడిగించారు. అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరకు చేర్చారు. మనసు బాధ సిగ్గుపడవలసినది కాదని ఊళ్ళలో ప్రచారం చేశారు. యంత్రం ఒక్కటే వైద్యం చేయలేదు. యంత్రం పట్టుకుని మన ఊరి మనిషి గడప దాకా వచ్చింది. అదీ అందులో గ్రహించవలసిన సంగతి.

మేము చేసిన పొరపాటు

యిక మా సొంత అనుభవం చెబుతాము. దాచిపెడితే యీ ప్రసంగం చదివీ లాభం లేదు.

మొదట్లో మేము ఉత్సాహంగా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాము. రోజూ రాత్రి ఎవరి అడుగులు వారు పంపాలి. ఎక్కువ వేసినవారి పేరు పైన, తక్కువ వేసినవారి పేరు కింద. నెలాఖరుకు మొదటివారికి ఒక టిఫిన్ క్యారియరు బహుమతి. కుర్రవాళ్ళు పోటీలు పడ్డారు. ఒకరిద్దరు ఫోను చిన్నపిల్లల చేతికిచ్చి పరుగెత్తించి అడుగులు వేయించారని కూడా తరువాత తెలిసింది. అంతవరకు నవ్వుకోవచ్చు.

ఆ జాబితాలో రోజూ అడుగున వుండే పేరు ఒక దర్జీ సోదరుడిది. ఎవరో సరదాకు తాబేలు బొమ్మ పెట్టారు. మిగతావారు నవ్వు బొమ్మలు పెట్టారు. మాలో కొందరమూ పెట్టాము. రెండు రోజుల తరువాత అతను గ్రూపు నుంచి వెళ్ళిపోయాడు. "పోతే పోయాడు, బద్ధకం" అనుకున్నాము. ఎవరమూ ఫోను చేయలేదు.

కొన్ని వారాల తరువాత అతని భార్య సంఘం ఆఫీసుకు వచ్చింది. డబ్బు సాయానికి వచ్చిందేమో అనుకున్నాము. "అన్నయ్యా, ఆయన షాపు తీయడం మానేశారు. గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు. అన్నం పెడితే ఆకలి లేదంటున్నారు. పిల్లల్ని కూడా పలకరించరు. నాకు భయంగా వుంది" అని ఏడ్చింది. మాలో ఎవరికీ మాట రాలేదు. అడుగులు రోజురోజుకూ తగ్గిపోవడం మా అందరి ఫోనుల్లోనూ కనబడింది. మూడు వేలు, రెండు వేలు, ఆరు వందలు. ఒక మనిషి కుంగిపోతున్న సంగతి మా కళ్ళ ముందే అంకెల్లో వుంది. దానిని చూసి మేము నవ్వాము.

ఆ సాయంత్రమే మాలో ఇద్దరు అతని ఇంటికి వెళ్ళారు. సలహాలు చెప్పలేదు. "ఛాయ్ తాగివద్దాం రా భాయ్" అన్నారు. మొదటిరోజు రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు వీధి చివరి దాకా వచ్చాడు. నడుస్తుంటే మెల్లగా చెప్పాడు. ఫోనులో వచ్చిన లోన్ యాపులో కొద్ది మొత్తం తీసుకున్నాడట. వడ్డీ మీద వడ్డీ పెరిగింది. రాత్రింబగళ్ళు బెదిరింపు ఫోన్లు. బంధువులందరికీ ఫొటోలు పంపుతామన్నారట. ఒక్కోసారి బ్రతకడం ఎందుకనిపించిందని కూడా చెప్పాడు. యిద్దరూ అతన్ని వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళారు. డాక్టరు మందులు వ్రాశారు. బెదిరింపుల గురించి 1930 నంబరుకు ఫిర్యాదు చేయించారు. నడక మానలేదు. నెలలు పట్టింది. ప్రస్తుతం షాపు తీస్తున్నాడు. యీ సభకు కుట్టిన తోరణాలు అతని చేతి పనే. యీ మాటలు అతని అనుమతితోనే చెబుతున్నాము. "చెప్పండి భాయ్, ఇంకొకడికి పనికి వస్తుంది" అన్నాడు.

మార్చుకున్న పద్ధతి

ఆ తరువాత మేము పద్ధతి మార్చాము. జాబితా తీసేశాము, బహుమతి తీసేశాము. మనుషులను జంటలుగా, ముగ్గురేసిగా కలిపాము. ఎవరి లెక్క వారికే. పోల్చుకుంటే పోయిన వారంతో పోల్చుకోవాలి గాని పక్కవాడితో కాదు. బయలుదేరేటప్పుడు జంటలో రెండోవాడికి ఒక మిస్డ్ కాల్. అది చాలు. దానికి డబ్బు ఖర్చు లేదు, చదువు అక్కరలేదు, పెద్ద ఫోను అక్కరలేదు. చదవడం రానివారికి మేము మాటల సందేశం పంపుతాము. ఫోను బొత్తిగా లేనివారికి ఒక అట్టముక్క ఇచ్చాము. నడిచిన రోజున గీత పెట్టుకుంటారు.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటి. మూడు రోజులు వరుసగా మిస్డ్ కాల్ రాకపోతే జంటలో వున్నవాడు ఇంటికి వెళ్ళాలి. "ఎందుకు నడవలేదు?" అని అడగకూడదు. "ఎలా వున్నావు?" అని అడగాలి. ఫోను వల్ల మాకు కలిగిన పెద్ద ప్రయోజనం అడుగుల లెక్క కాదు. ఎవరు ఆగిపోయారో త్వరగా తెలియడమే.

గల్ఫ్‌లో వున్న కొందరు పిల్లలు కూడా యిందులో చేరారు. అక్కడ పని అయ్యాక క్యాంపు చుట్టూ నడుస్తూ ఇక్కడున్న తండ్రితోనో అన్నతోనో మాట్లాడతారు. వాళ్ళక్కడ, వీళ్ళిక్కడ, ఒకే సమయంలో నడక. "అబ్బాయితో కలిసి నడిచినట్టే వుంది" అని ఒక తండ్రి అన్నారు.

అక్కచెల్లెళ్ళ మాట

నడవమని ఆడవాళ్ళకు చెప్పడం తేలిక. ఎక్కడ నడవాలి? ఎప్పుడు నడవాలి? తెల్లవారుజామున పాలు, టిఫిన్లు, పిల్లల బడి. సాయంత్రం వంట. మధ్యాహ్నం రాళ్ళు అతికే పని. వీధిలో ఒంటరిగా నడిస్తే పదిమంది చూపులు. ఫోను కూడా చాలా ఇళ్ళలో మగవాడి జేబులోనే వుంటుంది.

అందుకని మా అక్కచెల్లెళ్ళు తమకు తామే ఒక ఏర్పాటు చేసుకున్నారు. వారానికి కొన్ని రోజులు నలుగురైదుగురు ఒక డాబా మీద కలుస్తారు. ఒకామె ఫోనులో అలారం పెడుతుంది. పది నిమిషాలు మెడ, భుజాలు, నడుము సాగదీస్తారు, ఇరవై నిమిషాలు డాబా మీదే చుట్లు కొడతారు. పని మధ్యలో గంటకోసారి లేచి నిలబడటానికి కూడా అలారం పెట్టుకున్నారు. మగవాళ్ళకు మా మనవి ఒకటే. ఆ అరగంట పిల్లల్ని మీరు చూసుకోండి. ఆ అరగంట ఫోను ఆమె చేతికివ్వండి.

జాగ్రత్తలు

ఫోను మంచిదే గాని అమాయకమైనది కాదు. అప్పుల యాపు వచ్చిందీ అందులోంచే. 2020 తరువాత కొన్నేళ్ళలో యిటువంటి యాపుల వేధింపులకు తాళలేక తెలుగు రాష్ట్రాలలో ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు మనమంతా చదివాము. రాత్రి పక్కలో ఫోను చూస్తూ నిద్ర పాడుచేసుకుని, పొద్దున అదే ఫోనుతో నడక లెక్కపెడితే లాభం లేదు. ఇషా తరువాత కొంతసేపటికి ఫోనును వేరే గదిలో పెట్టండి. తెలియని యాపులు దించుకోవద్దు. అడుగులు లెక్కపెట్టే యాపుకు మీ ఫోను నంబర్ల జాబితా, ఫొటోలు అవసరం లేదు. అడిగితే ఇవ్వవద్దు.

యజమానులకు కూడా ఒక మాట. పనివాళ్ళ నడక లెక్కలు, వాళ్ళ మనసు సంగతులు మీరు అడగవద్దు. ఆ లెక్క చూసి పని ఇవ్వడం, మానిపించడం అన్యాయం. మీరు ఇవ్వగలిగింది వేరే వుంది. మధ్యలో పది నిమిషాల విరామం, తాగడానికి మంచినీళ్ళు, సమయానికి కూలి. కూలి సరిగా అందని చోట ఎంత నడిచినా మనసు నెమ్మదించదు. వ్యాయామం న్యాయానికి బదులు కాదు.

ఎండాకాలంలో, అందునా రోహిణి కార్తెలో, ఫజర్ తరువాతో, రాత్రి ఇషా తరువాతో నడవండి. రంజాన్ నెలలో ఉపవాసంతో బలవంతాన నడవవద్దు. ఇఫ్తార్ తరువాత మెల్లగా నడిస్తే చాలు. గుండె జబ్బు, బి.పి., షుగరు వున్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. మనసుకు మందులు వాడుతున్నవారు నడుస్తున్నాము గదా అని మందు మానవద్దు.

యిది బాగా గుర్తు పెట్టుకోండి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి లేక, ఏ పనీ చేయలేక, బ్రతుకు మీద ఆశ పోతే అది నడకతో సర్దుకునే సంగతి కాదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే ఉచిత సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. యీ నంబరు గోడ మీద వ్రాసిపెట్టుకోండి.

మేము కోరేది

దివిసీమలోనే మనకు ఒక ఆదర్శం వుంది. చల్లపల్లిలో డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతుల ప్రోత్సాహంతో 2014 నవంబరులో ఊరి జనం తెల్లవారకముందే లేచి చీపుర్లు, పారలు పట్టుకుని వీధులు శుభ్రం చేయడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి అలా చేసుకుంటూ వచ్చారు. ఊరు బాగుపడింది. చేసినవారి ఒళ్ళు కదిలింది, నలుగురితో కలిసి చేశామన్న తృప్తి మిగిలింది. దానికి ఏ యాపూ అక్కరలేకపోయింది.

సంఘాన్ని మేము కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఒకటి, ప్రతి పేటలోనూ యిటువంటి జంటలను కలపడానికి ఒక మగ, ఒక ఆడ బాధ్యులు వుండాలి. రెండు, ప్రతి వైద్య శిబిరంలో బి.పి., షుగరుతో పాటు "నిద్ర పడుతోందా? మనసు ఎలా వుంది?" అని అడిగే మనిషి ఒకరు వుండాలి. మూడు, సంఘం ఆఫీసులో చదువుకున్న పిల్లలు వారానికి ఒకరోజు కూర్చుని పెద్దలకు ఫోను వాడకం, మోసపు యాపుల నుంచి జాగ్రత్త నేర్పాలి. నాలుగు, సాయం కోసం వచ్చినవారి సంగతి బయటకు పొక్కకూడదు. నాలుగోది జరగకపోతే మొదటి మూడూ జరగవు.

సోదర సోదరీమణులారా, మనవాళ్ళలో జనాజాకు భుజం ఇవ్వడానికి పిలవకుండానే వస్తారు. అది మన మంచి గుణం. ఆ భుజాన్ని కొంచెం ముందుగా, మనిషి నడుస్తుండగానే ఇద్దాం. యీ సభ అయ్యాక భోజనాలున్నాయి. భోజనం అయ్యాక కాసేపు ఆగి, మీ పక్కన కూర్చున్నవారి నంబరు అడిగి వ్రాసుకోండి. రేపు తెల్లవారి బయలుదేరేటప్పుడు వారికి ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి.